బీపీ, షుగర్‌కు నెలనెలా ఎక్కడికి వెళ్లాలి? పట్టణ ఆరోగ్య కేంద్రమా, ప్రైవేటు క్లినిక్కా?

అనంతపురంలో బీపీనో షుగరో కొత్తగా బయటపడితే రెండు దారులున్నాయి. ఒకటి దగ్గర్లోని పట్టణ ఆరోగ్య కేంద్రం, రెండోది సాయినగర్ వైపు ప్రైవేటు క్లినిక్. పల్లెల్లో మూడోది ఆర్‌ఎంపీ. దాన్ని ముందే పక్కన పెడదాం. ఆర్‌ఎంపీ పని ప్రథమ చికిత్స వరకే. మోకాళ్ల నొప్పికని వేసే సూదిలో స్టెరాయిడ్ ఉంటే నొప్పి ఆ పూటకు తగ్గినా షుగర్ ఎగబాకుతుంది. మందు పేరు చెప్పని చోట సూది వేయించుకోవద్దు.

మిగతా రెండింటినీ గోడల రంగు, ఏసీ, జనం గుంపు చూసి తూచవద్దు. బీపీ ఎలా చూస్తున్నారో గమనించండి. రోగిని ఐదు నిమిషాలు కూర్చోబెట్టాలి. వీపు కుర్చీకి ఆనాలి, పాదాలు నేల మీద ఉండాలి. పట్టీని చొక్కా మీద కాకుండా చేతికే చుట్టాలి, ఆ చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. చూస్తున్నంత సేపూ మాట్లాడకూడదు. అంతకు ముందు అరగంటలో టీ, బీడీ తాగి ఉండకూడదు. మూత్రం ఆపుకొని కూర్చోకూడదు. లావు చేతికి చిన్న పట్టీ చుట్టినా, చెయ్యి కిందికి వేలాడినా అంకె ఎక్కువ వస్తుంది. మొదటిసారి రెండు చేతులకూ చూసి, ఎక్కువ వచ్చిన చేతికే తర్వాతెప్పుడూ చూడాలి. ఒకటి రెండు నిమిషాలాగి మళ్లీ చూడాలి.

ఈ పరీక్షలో రెండు చోట్లా తప్పులు జరుగుతాయి. ఆరోగ్య కేంద్రంలో పొద్దున ఓపీ రద్దీలో ఒక్కసారి చూసి రాసేస్తారు. క్లినిక్‌లో రోగి అప్పుడే మెట్లెక్కి వచ్చినా బయటి గదిలో నర్సు చూసిన అంకే డాక్టర్ దగ్గరికి వెళుతుంది. ఆ తప్పు అంకెను పట్టుకొని మోతాదు పెంచితే, ముసలివాళ్లు మంచం మీద నుంచి లేవగానే కళ్లు తిరిగి పడతారు. "కాసేపాగి ఇంకోసారి చూడండమ్మా" అని అడగడానికి మొహమాటపడవద్దు.

ఆరోగ్య కేంద్రం పైచేయి మాత్రల దగ్గర. షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్, బీపీకి ఆమ్లోడిపిన్ లాంటివి డబ్బులు లేకుండా ఇస్తారు. పల్లెల్లో 104 వాహనం వచ్చే రోజున బీపీ, షుగర్ చూస్తారు. చవక మందులని చులకన చేయవద్దు, ఖరీదైన క్లినిక్‌లో కూడా చికిత్స మొదలయ్యేది చాలాసార్లు వీటితోనే. లోపమేమిటంటే ఒక్కో నెల స్టాకు అయిపోతుంది, డాక్టర్లు బదిలీ అవుతారు. ఈ నెల తెల్ల మాత్ర, వచ్చే నెల గులాబీ మాత్ర ఇస్తే, రెండూ వేరే మందులనుకొని కలిపి మింగేవాళ్లుంటారు. అట్ట మీద మందు పేరు, దాని పక్కనున్న 500 లాంటి అంకె పోల్చుకోవాలి.

క్లినిక్‌లో ఎప్పుడూ అదే డాక్టర్ చూస్తారు, సాయంత్రం కూడా ఉంటారు. కూలికి పోయేవాళ్లకు అది చిన్న సౌకర్యం కాదు. కానీ అక్కడ మూడు మందులు కలిపిన ఒకే మాత్ర ఎక్కువగా రాస్తారు. షుగర్ పడిపోతుంటే అందులో ఒక్క మందును తగ్గించే వీలుండదు. మందు అసలు పేరు (కంపెనీ పెట్టుకున్న పేరు కాదు) చదవగలిగేలా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని డాక్టర్లకు 2016లోనే నిబంధన వచ్చింది. ఆ చీటీ ఉంటే జన ఔషధి దుకాణంలోనూ కొనుక్కోవచ్చు.

రెండు చోట్లా ఎక్కువగా ఎగ్గొట్టేది పాదాల పరీక్ష. ఏడాదికోసారైనా చెప్పులు విప్పించి, పది గ్రాముల ఒత్తిడినిచ్చే నైలాన్ దారంతో అరికాలు తాకి స్పర్శ చూడాలి. వేరుశనగ చేలల్లో ఒట్టి కాళ్లతో తిరిగేవాళ్లకు స్పర్శ పోతే తుమ్మముల్లు దిగినా తెలియదు. పుండు పడి చీము పట్టాకే చూసుకుంటారు. కంటిపాపకు చుక్కలేసి రెటీనా (కంటి లోపలి పొర), కిడ్నీల పరిస్థితి తెలియడానికి మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ కూడా ఏటా చూడాల్సిందే. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష, షుగర్ అదుపులోకి వచ్చేదాకా మూడు నెలలకోసారి, తర్వాత ఆరు నెలలకోసారి చాలు. చాలామందికి అది 7 శాతం లోపు ఉంటే మంచిది, బాగా పెద్ద వయసువాళ్లకు కొంత సడలిస్తారు.

తిన్నాక చేసే షుగర్ పరీక్షకు రోజూ తినే సంగటే తినండి, మాత్ర మానవద్దు. ఆ రోజు మాత్రం రెండు ఇడ్లీలతో సరిపెట్టుకుంటే వచ్చే అంకె మీ అసలు పరిస్థితిని చెప్పదు. మొదటి ముద్ద నుంచి రెండు గంటలు లెక్కపెట్టాలి.

ఒకటి రెండు మాత్రలతో నిలకడగా ఉన్నవాళ్లకు ఆరోగ్య కేంద్రమే మేలు. అక్కడ హెచ్‌బీఏ1సీ లేకపోతే ఆ ఒక్కటి బయట చేయించుకుంటే సరి. ఇన్సులిన్ కొత్తగా మొదలైనా, క్రియాటినిన్ పెరిగినా, గర్భిణి అయినా స్పెషలిస్టు చూడాలి. ప్రైవేటుకు స్తోమత లేకపోతే అనంతపురం, కర్నూలు పెద్దాసుపత్రులు, కడప రిమ్స్ ఉన్నాయి. ఛాతీ నొప్పి వచ్చినా, మూతి వంకరపోయినా, ఒక పక్క చెయ్యి పడిపోయినా ఈ రెండింటికీ వెళ్లకుండా 108కి ఫోన్ చేయాలి.

చాలామంది రెండు చోట్లా చూపించుకుంటారు. అలాంటప్పుడు ఒకే నోటుపుస్తకం, ఖాళీ అట్టలు రెండు చోట్లకూ తీసుకెళ్లాలి. లేకుంటే గ్లిమిపిరైడ్ రెండు పేర్లతో ఒకే రోజు కడుపులోకి వెళుతుంది. దాంతో షుగర్ పడిపోయి చెమటలు, వణుకు, తికమక మొదలైతే, స్పృహలో ఉన్నప్పుడే మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి. పావుగంట తర్వాత మళ్లీ షుగర్ చూసి, పెరగకపోతే ఇంకోసారి ఇచ్చి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు.