మ్యాజిక్ కింగ్‌డమ్‌కి వీల్‌చైర్‌లో వెళ్తున్నారా? టికెట్ కొనేముందు ఇది చూడండి

ఆర్లాండో దగ్గరున్న డిస్నీ వాళ్ళ థీమ్ పార్కు మ్యాజిక్ కింగ్‌డమ్‌కి వీల్‌చైర్‌లో వెళ్ళొచ్చా అని ఎవర్నడిగినా "అమెరికా కదా, అన్నీ ర్యాంపులే, ఏం ఫర్వాలేదు" అంటారు. ర్యాంపులున్న మాట నిజమే. కానీ అక్కడ మన రోజు ఎలా గడుస్తుందో తేల్చేది ర్యాంపు కాదు, కుర్చీలోంచి రైడ్ సీట్లోకి మారగలమా లేదా అన్నది. ఆ లెక్క ఇంట్లోనే చూసుకుని వెళ్తే పెట్టిన డబ్బుకి న్యాయం జరుగుతుంది. చూసుకోకుండా వెళ్తే సగం రోజు ఇంట్లోవాళ్ళ బ్యాగులకి కాపలా కాయాల్సొస్తుంది.

నా సంగతి చెప్తే మీకు పోల్చుకోవడం తేలిక. నడుము కింద కదలిక లేదు, చేతులు గట్టివే, సొంత మాన్యువల్ కుర్చీ. మంచం మీదకీ, కారు సీట్లోకీ నేనే మారతాను. కుర్చీకన్నా బాగా కిందకి ఉన్న సీట్లోకి దిగడం పెద్ద పని కాదు, అక్కణ్ణుంచి పైకి రావడానికే ఇంకో మనిషి పట్టాలి. టాంపాలో ఉన్న మా మరిది వాళ్ళింటికి వెళ్ళినప్పుడు అక్కణ్ణుంచి అందరం కలిసి వెళ్ళాం కాబట్టి పట్టేవాళ్ళకి కొదవ లేదు, మా ఆయన, మరిది ఇద్దరూ ఉన్నారు. ఇది చాలా ముఖ్యం. ఎందుకంటే అక్కడి సిబ్బంది ఎంత మర్యాదగా మాట్లాడినా మిమ్మల్ని ఎత్తరు. రూలే అది. ఎత్తే మనిషిని మనమే తీసుకెళ్ళాలి.

పార్కు వాళ్ళు రైడ్లన్నిటినీ ముందే విడగొట్టి వెబ్‌సైట్‌లో పెట్టారు: బ్యాటరీ స్కూటర్ (నడవలేనివాళ్ళు కూర్చుని నడుపుకునేది) మీద ఉన్నవాళ్ళు ఉన్నట్టే వెళ్ళిపోయేవి, స్కూటర్ దిగి మామూలు వీల్‌చైర్‌లోకి మారితే చాలనేవి, కుర్చీ వదిలేసి సీట్లోకి మారాల్సినవి, నడవగలిగితేనే ఎక్కనిచ్చేవి. ఈ జాబితాని ముందు రోజు రాత్రి కూర్చుని చూసుకోండి, పొద్దున్నే గేటు దగ్గర పిల్లలు చెయ్యి పట్టి లాగుతుంటే చదవడం అయ్యే పని కాదు.

కుర్చీతోనే ఎక్కేవాటిలో నాకు బాగా నచ్చింది జంగిల్ క్రూజ్. లిఫ్ట్ ఉన్న పడవ వేరేగా ఉంటుంది, అది మన వంతుకి వచ్చేదాకా ఆగాలి, అంతే. ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్‌లో కూడా కుర్చీని ఎక్కించుకునే పడవలు వేరు. విన్నీ ద పూ, లిటిల్ మెర్మెయిడ్ రైడ్లలోనూ కుర్చీ పట్టే బండ్లున్నాయి. ఇవన్నీ చిన్నపిల్లల రైడ్లే కదా అని మా మరిది నవ్వాడు గానీ, పిల్లలతో పాటు నేనూ లోపల కూర్చుని ఉండటం, వాళ్ళు నాకు బయటికొచ్చాక కథ చెప్పక్కర్లేకపోవడం, ఆ తృప్తి అతనికి ఎలా తెలుస్తుంది?

హాంటెడ్ మాన్షన్‌కి కుర్చీ వదలాలి. అక్కడ బగ్గీలు ఆగకుండా వరసగా వస్తూనే ఉంటాయి, ఎక్కేవాళ్ళు కదిలే బెల్టు మీద నడుస్తూ ఎక్కుతారు. మనలాంటివాళ్ళకి చెప్తే నెమ్మది చేస్తారు, అవసరమైతే పూర్తిగా ఆపుతారు. మా ఆయన నా చంకల కింద చేతులేసి, మరిది మోకాళ్ళు పట్టుకుని సీట్లోకి జరిపేదాకా లోపలున్న బగ్గీలన్నీ కూడా ఆగిపోయాయి. మొదట కాస్త మొహమాటపడ్డాను. అయినా దయ్యాల కొంపలో అరనిమిషం ఎక్కువసేపు కూర్చుంటే ఎవరి సొమ్మూ పోదు లెండి.

ఇక రోలర్ కోస్టర్ల సంగతి. స్పేస్ మౌంటెన్ 1975 నాటిది, సీట్లు ఇరుకు, బాగా కిందకి. చూడగానే వద్దన్నాను. 2023లో తెరిచిన ట్రాన్ మాత్రం బైక్ మీద వంగి కూర్చున్నట్టు ఉంటుంది, అది నా వల్ల ఎలా అవుతుందా అనుకున్నా, కానీ అందులో వెనక వైపు మామూలుగా కూర్చునే సీటు ఉన్న బండి ఒకటి పెట్టారు. కావాలంటే అదే అడగాలి. అడగందే దొరకదు. ఎక్కాను. దిగాక పావుగంట నోట మాట రాలేదు, అది భయంతోనో ఆనందంతోనో నన్నడక్కండి. ఒక్క జాగ్రత్త: మన కుషన్ కుర్చీలోనే ఉండిపోతుంది, రైడ్ సీట్లేమో గట్టివి. స్పర్శ లేనివాళ్ళం కదా, ఒరుసుకున్నా తెలీదు, రాత్రి చర్మం ఎర్రబడిందేమో చూసుకోవడం మర్చిపోవద్దు.

విచిత్రం ఏంటంటే అంత వేగంగా పోయేది ఎక్కనిచ్చారు గానీ, పెద్దవాళ్ళు కూర్చుని కునుకు తీసే పీపుల్‌మూవర్ మాత్రం నడవగలిగినవాళ్ళకే. పైకి వెళ్ళే దారే కదిలే బెల్టు, బండ్లూ ఆగవు. కారణం అర్థమవుతుంది, అయినా ఒళ్ళు మండుతుంది.

లైన్ల విషయంలో మనవాళ్ళకి ఒక భ్రమ ఉంది, వీల్‌చైర్ ఉంటే నేరుగా ముందుకి పంపేస్తారని, దానికోసం కాళ్ళు బాగున్నవాళ్ళు కూడా కుర్చీ అద్దెకి తీసుకుందామని చూస్తారు. అలా ఏం లేదు. చాలా లైన్లు కుర్చీ పట్టేంత వెడల్పుగానే ఉంటాయి, అందరితో పాటే వెళ్ళాలి. కుర్చీ పట్టని చోట ఫలానా టైముకి రమ్మని చెప్పి పంపిస్తారు. లైన్లో నిలబడకుండా బయటే ఆగి మన వంతుకి వెళ్ళే డీఏఎస్ (డిజెబిలిటీ యాక్సెస్ సర్వీస్) అనే సౌకర్యాన్ని 2024 మే నుంచి ముఖ్యంగా ఆటిజం లాంటి సమస్యలున్నవాళ్ళకే పరిమితం చేశారు. అందరూ నిలబడి కాళ్ళు పీక్కుంటుంటే నేను హాయిగా కూర్చునే ఉన్నా కాబట్టి దీనిమీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు. కానీ మాలో చాలామందికి కాథెటర్ (మూత్రం తీసే గొట్టం) పెట్టుకునే టైములుంటాయి, గంటంబావు లైన్లో ఇరుక్కుంటే టెన్షనే. అందుకని టాయిలెట్ పని చూసుకున్నాకే పెద్ద లైన్లలోకి వెళ్ళండి.

టాయిలెట్ల మాట వచ్చింది కాబట్టి, నా దృష్టిలో ఈ పార్కులో అన్నిటికన్నా గొప్ప ఏర్పాటు అదే. తోడుగా వచ్చినవాళ్ళు కూడా లోపలికి రాగలిగే విడి గదులు అక్కడక్కడా ఉన్నాయి, మ్యాప్‌లో గుర్తులుంటాయి. మన దగ్గర ఎక్కడికి వెళ్ళినా మా ఆయన ఆడవాళ్ళ టాయిలెట్ గుమ్మం దగ్గర దొంగలా నిలబడి అందరి చూపులూ భరించాలి. ఇక్కడ ఆ గొడవే లేదు. గేటు దాటగానే వచ్చే మెయిన్ స్ట్రీట్ చివర, క్రిస్టల్ ప్యాలెస్ అనే రెస్టారెంట్ పక్కన ఫస్ట్ ఎయిడ్ కూడా ఉంది.

అదే మెయిన్ స్ట్రీట్‌లో గుర్రపు బండి పట్టాలున్నాయి, జాగ్రత్త. నా కుర్చీ ముందు చక్రం చిన్నది, సరిగ్గా ఆ గాడిలోకి దిగి ఆగింది, ముందుకి తూలాను. పట్టాల్ని అడ్డంగా దాటండి, వాటి వెంట పోవద్దు. లేదంటే పక్కన ఫుట్‌పాత్ మీదే వెళ్ళండి.

కారులో వెళ్తే బండి టికెట్ సెంటర్ దగ్గర పెట్టి, అక్కణ్ణుంచి మోనోరైల్‌లోనో ఫెర్రీలోనో దాటాలి. మోనోరైల్ ఎక్కేటప్పుడు సిబ్బంది పలక వేస్తారు గానీ, ప్లాట్‌ఫామ్‌కి ఎక్కే దారి బాగా ఏటవాలు, తోసేవాళ్ళకి ఆయాసం. ఫెర్రీ సుఖం, నేరుగా లోపలికి దొర్లించుకుంటూ వెళ్ళిపోవచ్చు.

తిండి బయటనుంచి తెచ్చుకోనిస్తారు, గాజు సీసాలు మాత్రం పనికిరావు. మా తోటికోడలు పులిహోర, దద్దోజనం కట్టింది, ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాలో. శాకాహారులు లోపలి కౌంటర్ల మీద ఆశ పెట్టుకోకుండా ఇదే చెయ్యండి.

పరేడ్ చూడటానికి వీల్‌చైర్ వాళ్ళకి విడిగా చోటు కేటాయిస్తారు. చోటు తక్కువ, ముందే చేరాలి, ఇంటిల్లిపాదినీ రానివ్వరు.

ఇండియా నుంచి వెళ్ళేవాళ్ళకి ఇంకో మాట. విమానంలో (ఏ కంపెనీ అన్నది వదిలేయండి) నా కుర్చీ ఫుట్‌రెస్ట్ వంచేసి ఇచ్చారు. ఊడివచ్చే భాగాలన్నీ, ముఖ్యంగా కుషన్, తీసి మీతోనే క్యాబిన్‌లో పెట్టుకోండి, అప్పగించేముందు ఫోటోలు తీయండి. కుర్చీ పాడైపోతే పార్కు గేటు దగ్గర అద్దెకి దొరుకుతుంది గానీ అవి బరువైనవి, పైగా ముందొచ్చినవాళ్ళకే ముందు.

మొత్తమ్మీద, సీటు మారగలిగినవాళ్ళు, లేదా మార్చే మనిషి ఉన్నవాళ్ళు నిస్సంకోచంగా వెళ్ళండి. అసలు మారలేనివాళ్ళకి పడవలు, థియేటర్ షోలు, రైలు, పరేడ్ కలిపి ఒక రోజు గడుస్తుంది, కానీ ఆ టికెట్ ధరకి నేనైతే అదే డబ్బుతో డిస్నీ వాళ్ళదే అయిన ఇంకో పార్కు, యానిమల్ కింగ్‌డమ్‌కి వెళ్తాను, అక్కడ సఫారీ బండిలోకి వీల్‌చైర్‌తోనే ఎక్కిస్తారు. ఎటు వెళ్ళినా జులై, ఆగస్టు వద్దు. మధ్యాహ్నం ఎండకి చక్రం రిమ్ములు చెయ్యి పెట్టలేనంత కాలతాయి, సాయంత్రం వానకి అవే రిమ్ములు జారతాయి, గ్లవ్స్ రెండు జతలు పెట్టుకోండి.