పొడుగు ఇళ్లకు ఆర్చర్ సి6 రూటర్: ఎక్కడ పెట్టాలి, ఏ మోడ్‌లో నడపాలి

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం పాత వీధుల్లో ఇళ్లు చాలావరకు ఒకే తీరు. వీధివైపు వెడల్పు పదిహేను, ఇరవై అడుగులు. లోపలికి అరవై, డెబ్భై అడుగుల పొడవు. అరుగు, ముందుగది, నడవ, పడకగది, వంటిల్లు, పెరడు ఒకదాని వెనక ఒకటి. ఫైబర్ కనెక్షన్ ఇవ్వడానికి వచ్చినవాళ్లు మోడెంని వీధిగుమ్మం పక్కనే బిగించి వెళ్తారు. ముందుగదిలో వంద ఎంబీపీఎస్ వస్తుంది, వంటింట్లో వీడియో కాల్ ఆగిపోతుంది. అలాంటి ఇంటికి టీపీ-లింక్ ఆర్చర్ సి6 కొనొచ్చా అంటే కొనొచ్చు, కాని మోడెం పక్కన పెట్టడానికి కాదు. ఇంటి నడుమ, మోడెం నుంచి లాగిన ల్యాన్ తీగ చివర పెట్టడానికి.

ముందు పెట్టె మీది అంకెల సంగతి. ఏసీ1200 అంటే 1200 ఎంబీపీఎస్ వేగం కాదు. 2.4 గిగాహెర్ట్జ్‌లో 300, 5 గిగాహెర్ట్జ్‌లో 867, రెండూ కూడి చెప్పిన లెక్క అది. అదే గదిలో కూర్చున్న ఫోనుకి 867లో సుమారు సగం అందితే బాగా అందినట్టే. వంద, రెండు వందల ప్లాన్‌లకు అది చాలు. దీని అసలు బలం యాంటెన్నాల్లో లేదు, వెనక ఉన్న అయిదు పోర్టుల్లో ఉంది. నెట్ లోపలికి వచ్చే వాన్ ఒకటి, ఇంట్లోవాటికి ఇచ్చే ల్యాన్ నాలుగు, అన్నీ గిగాబిట్, అంటే వెయ్యి ఎంబీపీఎస్‌వి. అదే కంపెనీ ఆర్చర్ సి50 చూడ్డానికి దగ్గరగా ఉన్నా దాని పోర్టులు వంద దగ్గరే ఆగిపోతాయి. వందకు మించిన ప్లాన్ ఉన్నవాళ్లు దాన్ని తీగ చివర పెడితే కట్టిన డబ్బులో కొంత ఆ పోర్టు దగ్గరే పోతుంది. సి6కి యూఎస్‌బీ పోర్టు లేదు. హార్డ్‌డిస్క్ తగిలించి ఇల్లంతా ఫైళ్లు పంచుకుందామనుకుంటే ఇది మీకు కాదు.

తీగ లేకుండా వైఫైని అందుకుని ముందుకు పంపే రిపీటర్ పెట్టొచ్చు కదా అంటారు. అది ఎందుకు వద్దంటామంటే, సిగ్నల్ అప్పటికే నీరసించిన చోట పెట్టాల్సి వస్తుంది, పైగా ఒకే బ్యాండ్‌లో అందుకుని అదే బ్యాండ్‌లో తిరిగి పంపుతుంది కాబట్టి వేగం సగానికి పడుతుంది. పాత ఇళ్ల మందం గోడలు రెండు దాటేసరికి 5 గిగాహెర్ట్జ్ దాదాపు మిగలదు. తీగ లాగడం ఒక్కరోజు శ్రమ, ఆ తర్వాత ఏళ్ల తరబడి బాధ ఉండదు.

ఆ తీగ దగ్గరే ఎక్కువమంది మోసపోతారు. క్యాట్6 (ల్యాన్ తీగలో ఒక రకం) అని కవరు మీద ఉంటే చాలదు, లోపల అచ్చమైన రాగి ఉండాలి. చౌకగా దొరికేది అల్యూమినియం మీద రాగి పూత పూసినది. ఒక తీగ కొసని బ్లేడుతో గీకితే లోపల తెల్లగా మెరుస్తుంది. కట్ట చేత్తో ఎత్తినా తేలిగ్గా ఉంటుంది. నాలుగుసార్లు వంచితే విరుగుతుంది, కనెక్టర్‌లో నొక్కి బిగించిన (క్రింప్ చేసిన) చోట కొన్నాళ్లకు వదులవుతుంది. మోడెం నుంచి నడవకు ముప్పై అడుగులైతే గోడ ఎక్కి దిగడానికి మరో ఇరవై కలుపుకుని, రెండు కొసలా చెయ్యి తిరగడానికి అయిదడుగులు వదిలి, పదిహేడు మీటర్లు కోయించుకోండి. కరెంటు తీగలున్న పైపులోంచే దీన్నీ లాగొద్దు. వేరే పైపు వేసి, రెంటి మధ్య జానెడు ఎడం ఉంచాలి.

రెండు కొసలకీ ఒకే వరస: నారింజ-తెలుపు, నారింజ, ఆకుపచ్చ-తెలుపు, నీలం, నీలం-తెలుపు, ఆకుపచ్చ, గోధుమ-తెలుపు, గోధుమ. మెలికల్ని అరంగుళానికి మించి విప్పకూడదు, పై తొడుగు కనెక్టర్ లోపలికి వెళ్లి నొక్కుడు కింద పడాలి. ఎనిమిదిలో నాలుగు, అయిదు, ఏడు, ఎనిమిది పిన్నుల తీగల్లో ఏ ఒక్కటి అందకపోయినా నెట్ వస్తూనే ఉండొచ్చు, కాని వందకు పడిపోతుంది. వంద వేగానికి ఒకటి, రెండు, మూడు, ఆరు పిన్నులు చాలు గనక. అందుకే "నెట్ వచ్చింది కదా" అని పని చేసినవాళ్లను పంపేయొద్దు. ల్యాప్‌టాప్ తగిలించి విండోస్ సెట్టింగ్స్‌లో ఈథర్‌నెట్ లింక్ స్పీడ్ 1000/1000 అని చూపిస్తేనే డబ్బులివ్వండి. ముందుగా ఆ ల్యాప్‌టాప్ పోర్టు గిగాబిట్‌దేనా అన్నదీ చూసుకోవాలి, కొన్ని చౌక మోడళ్లలో అదే వందది.

ఇప్పుడు మోడ్. పెట్టెలోంచి తీసి అలాగే తగిలిస్తే సి6 రూటర్‌గానే నడుస్తుంది, తన కింద 192.168.0 అని వేరే నెట్‌వర్క్ పెడుతుంది. మోడెం కింద ఉన్నది సాధారణంగా 192.168.1. వెనక గదిలో ప్రింటరు సి6 కింద, ముందుగదిలో ల్యాప్‌టాప్ మోడెం కింద ఉంటే ల్యాప్‌టాప్‌కి ప్రింటరు కనబడదు. ప్రింటరు పాడైందని షాపుకి మోసుకెళ్లే ముందు ఇది చూడండి. ల్యాప్‌టాప్‌ని సి6 ల్యాన్ పోర్టుకి తగిలించి, బ్రౌజర్‌లో 192.168.0.1 తెరిచి, అడ్వాన్స్‌డ్‌లో ఆపరేషన్ మోడ్‌ని యాక్సెస్ పాయింట్‌గా మార్చి సేవ్ చేయాలి. అది రీస్టార్ట్ అయ్యాక మోడెం నుంచి వచ్చిన తీగని వాన్ పోర్టుకి పెట్టాలి. ఇక అడ్రసులు పంచేది మోడెం ఒక్కటే, ఇల్లంతా ఒకే నెట్‌వర్క్. అయితే పిల్లల ఫోన్లకు వేళలు పెట్టే పేరెంటల్ కంట్రోల్స్ ఈ మోడ్‌లో సి6లో పనిచేయవు. అవి కావాలంటే సర్వీసువాళ్లచేత మోడెంని బ్రిడ్జ్ మోడ్‌లో (నెట్‌ని సి6కి అందించడం తప్ప రూటర్ పని చేయని తీరులో) పెట్టించి, నెట్‌లోకి లాగిన్ అయ్యే పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, కంపెనీ తన లైనుకి ఇచ్చే వీల్యాన్ నంబరు అడిగి రాసుకుని, సి6ని రూటర్‌గానే ఉంచాలి. అప్పుడు మోడెం వైఫై పోతుంది. ముందుగదికి నడవలోంచి సిగ్నల్ అందుతుందో లేదో చూసుకున్నాకే ఆ పని చేయండి.

యాక్సెస్ పాయింట్‌గా పెట్టినవాళ్లు మోడెం వైఫై పేరు, పాస్‌వర్డ్, డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ సెక్యూరిటీ, మూడూ సి6లో అక్షరం తేడా లేకుండా పెడితే ఫోను ఒకదాన్నుంచి ఇంకోదానికి మారుతుంది. చానెల్ మాత్రం వేరుగా ఉండాలి. 2.4లో మోడెంకి 1 ఇస్తే దీనికి 6 లేదా 11, వెడల్పు 20 మెగాహెర్ట్జ్. గోడలు కలిసిన వీధిలో పక్కింటి వైఫైలు పదో పన్నెండో కనిపిస్తాయి. 40 పెడితే వాటన్నింటితో తగువే.

ప్రింటర్లు చాలావాటికి 2.4 ఒక్కటే తెలుసు. స్మార్ట్ కనెక్ట్ వేసి రెండు బ్యాండ్‌లకూ ఒకే పేరుంటే మొదటిసారి కలపడం మొరాయిస్తుంది. 5ని కాసేపు ఆపి, ప్రింటరు కలిపి, మళ్లీ వేయండి. దానికి మోడెంలో ఒక అడ్రసు రిజర్వ్ చేస్తే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఆఫ్‌లైన్ అనదు. విండోస్‌లో నెట్‌వర్క్ ప్రొఫైల్ ప్రైవేట్ అని ఉంటేనే ఫైళ్లు పంచుకోవడం కుదురుతుంది. పాత ఎక్స్‌పీ కంప్యూటర్‌లోని ఫోల్డర్ కొత్త ల్యాప్‌టాప్‌లో తెరుచుకోకపోతే తప్పు రూటర్‌ది కాదు: ఎక్స్‌పీకి తెలిసిన ఎస్ఎంబీ1ని (ఫైళ్లు పంచుకునే పాత పద్ధతిని) 1709 వర్షన్ నుంచి విండోస్ 10 తనంతట తాను ఇవ్వదు. దాన్ని మళ్లీ తెరవడం ప్రమాదం. ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో తీసుకుని ఆ కంప్యూటర్‌ని నెట్ నుంచి తప్పించండి.

ఈ జిల్లాల్లో రూటర్‌కి పెద్ద గండం పిడుగు. ఒడిశా ప్రభుత్వం 2015లోనే పిడుగుపాటుని రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. ఫైబర్ గాజు కాబట్టి దానిగుండా కరెంటు రాదు, వచ్చేది అడాప్టర్‌గుండా, ఆరుబయట లాగిన రాగి ల్యాన్ తీగగుండా. పెరటి అవతల ఇంకో ఇంటికి నెట్ ఇవ్వాలంటే రాగి వద్దు, ల్యాన్‌ని ఫైబర్‌కీ, ఫైబర్‌ని ల్యాన్‌కీ మార్చే మీడియా కన్వర్టర్లు రెండు పెట్టి ఫైబరే లాగించండి. ఉరుములు మొదలవక ముందే అడాప్టర్‌తోపాటు ల్యాన్ తీగ కూడా పీకాలి.

కరెంటు కోతలకు మినీ యూపీఎస్ కొనేవాళ్లు అడాప్టర్ మీద రాసిన ఓల్టులు, యాంపియర్లు చూసి కొనండి. సి6ది 12 ఓల్టులు, 1 యాంపియర్. మోడెం అడాప్టర్ కూడా చదవాలి, ఒక్కటి ఆరిపోయినా వెనక గదికి నెట్ ఉండదు. 8000 ఎంఏహెచ్ అని రాసినది 3.7 ఓల్టుల లెక్క, అంటే 29.6 వాట్ అవర్లు. రెండూ కలిపి 12 వాట్లు లాగితే, మార్పిడిలో పోయేది పోగా సుమారు రెండు గంటలు నడుస్తుంది.