రూ.15 వేల పెన్షన్ చేయిస్తామని డబ్బులడిగేవాళ్లతో జాగ్రత్త

కోనసీమలో పక్షవాతంతో మంచాన పడ్డ పెద్దవాళ్లున్న ఇళ్లవాళ్లకి ఈ పోస్టు. పెద్దాసుపత్రి దగ్గర టీ కొట్టులో కూర్చుని, "మంచంలో ఉన్నవాళ్లకి నెలకి 15 వేలొచ్చే పెన్షన్ నేను చేయిస్తా, డాక్టర్లంతా మనవాళ్లే" అంటూ ఒకతను జనాన్ని పట్టుకుంటున్నాడు. మా పెదనాన్న గారబ్బాయి దగ్గర 20 వేలు గుంజాడు. సగం ముందు, సగం సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంత శాతమో చెప్పే కాగితం) చేతికొచ్చాక.

సర్టిఫికెట్ వచ్చింది కూడా. నిగనిగలాడే లామినేషన్, గుండ్రటి స్టాంపు, 90 శాతం అని అంకె. పెదనాన్నని మాత్రం ఏ డాక్టరూ చూడలేదు. అక్కడే అనుమానం రావద్దా అనకండి. పక్కబట్టలు మారుస్తూ, ముక్కు గొట్టంలో జావ పోస్తూ నెలల తరబడి నిద్ర లేని మా వదినకి, ఆయన్ని ఆటో ఎక్కించే పని తప్పడమే పెద్ద ఊరట. వాడు కనిపెట్టిందీ అదే. తీరా సచివాలయంలో ఆ సదరం నంబరు కొడితే వేరే మండలంలో ఎవరో ఆవిడ పేరు, చెవుడు అని వచ్చింది! ఫోన్ చేస్తే "సర్వర్ ప్రాబ్లం" అన్నాడు, ఆ తర్వాత ఎత్తితే ఒట్టు. ఆధార్ కార్డు, ఓటీపీ కూడా వాడి చేతిలోకే వెళ్లాయి. ఇప్పుడు ఇంట్లో అందరికీ ఆ టెన్షన్ వేరే.

సదరం స్లాట్ మీసేవలోనో సచివాలయంలోనో బుక్ చేస్తారు. చెప్పిన తేదీకి ఆసుపత్రికి వెళ్తే డాక్టర్ మనిషిని చూసి శాతం వేస్తారు. 40 శాతం ఉంటే దివ్యాంగుల పెన్షన్ 6 వేలు. 15 వేలది మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకి. పెన్షన్ వస్తున్నవాళ్లని కూడా 2025లో మళ్లీ పరీక్షించారు, కాబట్టి దొంగ కాగితంతో వచ్చినా నిలవదు. పైగా కొత్త దరఖాస్తులు ప్రభుత్వం తీసుకుంటున్నప్పుడే ఎక్కుతాయి. "వచ్చే ఒకటో తారీఖుకి డబ్బులు మీ గుమ్మంలో" అనేవాడి మాట అక్కడే అబద్ధం.

ఇప్పటికే ఇచ్చేసినవాళ్లు కోపంలో ఆ సర్టిఫికెట్ చింపేయకండి. అదీ, ఫోన్‌పే స్క్రీన్‌షాట్లూ పట్టుకుని పోలీస్ స్టేషన్‌కి వెళ్లండి, సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ కూడా పెట్టండి. మావాళ్లు రెండూ చేశారు, డబ్బు ఇంకా రాలేదు.

వాడు ఈ మధ్య రాజోలు వైపు డయాలసిస్ వాళ్ల ఇళ్లకి వెళ్తున్నాడట, కిడ్నీ పెన్షన్ 10 వేలు ఇప్పిస్తానని. ఆ పక్క మీ చుట్టాలుంటే ఒక ఫోన్ కొట్టండి.