క్యాంపస్ పోస్ట్‌కోడ్ చూశారు, ఇంటి పోస్ట్‌కోడ్ వదిలేశారు: 5కి 2 స్టార్లు

ఆస్ట్రేలియా పీఆర్ కోసం మెల్‌బోర్న్‌లో ఒక కన్సల్టెన్సీకి ఫైల్ ఇచ్చాను. గొడవపడ్డాక సగం డబ్బు వెనక్కిచ్చారు కాబట్టి పేరు రాయను. కానీ జరిగింది చెప్పాలి, ఎందుకంటే మెల్‌బోర్న్ శివారు టార్నైట్‌లో ఉంటూ పక్క ఊరు జీలాంగ్‌లో చదివింది నేనొక్కణ్నే అయ్యుండను.

నాది జీలాంగ్ క్యాంపస్‌లో రెండేళ్ళ మాస్టర్స్. మొదటి సెమిస్టర్ టార్నైట్‌లో మా పిన్ని కొడుకు ఇంట్లో ఉన్నాను. జీలాంగ్ వెళ్ళే రైలు అక్కడ ఆగుతుంది, అద్దె లేదు, వేళకి అన్నం. తర్వాతే జీలాంగ్‌లో రూమ్ తీసుకున్నాను.

కాగితాల పని వాళ్ళు బాగానే చేశారు, ఆ రెండు స్టార్లు దానికే. స్కిల్స్ అసెస్‌మెంట్‌కి ఏమేం కావాలో ఒక్కసారే చెప్పారు, పదిసార్లు తిప్పలేదు. తేడా వచ్చింది ఈఓఐ దగ్గర, అంటే వీసాకి పిలవమని మన పాయింట్లు చూపిస్తూ ముందుగా వేసే ఆన్‌లైన్ ఫారం. రీజినల్ స్టడీకి (పెద్ద నగరాల బయట చదివినందుకు వచ్చే పాయింట్లకి) "అవును" కొట్టి మొత్తం 85 పాయింట్లు చూపించారు. "అన్నా, మొదటి ఆరు నెలలు టార్నైట్‌లో ఉన్నాను కదా, పర్లేదా?" అని నా ఫైల్ చూసే కన్సల్టెన్సీ అన్నని నేనే అడిగాను. "క్యాంపస్ జీలాంగే కదా తమ్ముడూ, టెన్షన్ పడకు" అన్నాడు.

టెన్షన్ పడాల్సింది అక్కడే. ఆస్ట్రేలియన్ స్టడీకి 5 పాయింట్లు వేరు, రీజినల్ స్టడీకి ఇంకో 5 వేరు. మొదటిదానికి క్రైకాస్‌లో (విదేశీ విద్యార్థుల కోర్సుల ప్రభుత్వ జాబితాలో) రిజిస్టరైన కోర్సు కనీసం 92 వారాలది కావాలి, 16 నెలలకు తగ్గకుండా చదివి ఉండాలి. రెండోదానికి ఆ చదువంతా రీజినల్ క్యాంపస్‌లో జరగాలి, దూరవిద్య కుదరదు, ఆ కాలమంతా మనం ఉన్న ఇల్లు కూడా రీజినల్‌లోనే ఉండాలి. 2019 నవంబర్ నుంచి సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ తప్ప దాదాపు అంతా రీజినలే, పెర్త్, గోల్డ్ కోస్ట్ కూడా. జీలాంగ్ అందులో ఉంది, టార్నైట్ మెల్‌బోర్న్ లెక్కలోకి పోతుంది. ఒక సెమిస్టర్ తీసేస్తే నాకు 92 వారాలు నిండవు, అంతే. (491 అనే రీజినల్ వీసాకి వచ్చే 15 పాయింట్లు నామినేషన్‌వి, దీనికీ దానికీ సంబంధం లేదు. మా బ్యాచ్‌లో సగంమంది రెండూ కలిపేసి మాట్లాడతారు.)

అనుమానం తీరక ఇంకో ఏజెంట్ దగ్గర డబ్బు కట్టి గంటసేపు మాట్లాడాను. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "చదివేటప్పుడు ఎక్కడ ఉండేవారు? లీజులో మీ పేరుందా, బాండ్ (అద్దె అడ్వాన్స్) రసీదుందా?" నా దగ్గర జీలాంగ్‌వే సగం లేవు, ఎందుకంటే షేరింగ్ రూమ్‌లో లీజు ఎప్పుడూ వేరేవాళ్ళ పేరు మీదే ఉంటుంది. ఇన్విటేషన్ రాకముందు ఈఓఐని ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. వచ్చాక 60 రోజుల్లో అప్లై చేయాలి, అప్పుడు చూపిన పాయింట్లు నిరూపించలేకపోతే రిజెక్ట్ అవుతుంది, నాలుగు వేల డాలర్లు దాటిన వీసా ఫీజు కూడా పోతుంది. తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే మూడేళ్ళ పాటు ఇంకో వీసా కూడా కష్టమే.

ఇదంతా వెళ్ళి అన్నకి చెబితే "చాలామంది అలాగే వేస్తారు" అన్నాడు. నాకు కోపం వచ్చింది తప్పుకి కాదు, ఆ మాటకి. అప్పుడు మారా (మైగ్రేషన్ ఏజెంట్లని రిజిస్టర్ చేసే ప్రభుత్వ ఆఫీసు) రిజిస్టర్‌లో వెతికితే ఆ అన్న పేరే లేదు! ఒప్పందం మీద సంతకం చేసిన రిజిస్టర్డ్ ఏజెంట్ వేరే ఆయన, ఆయన్ని నేను మొదటిరోజు రెండు నిమిషాలు చూశాను. మీరు డబ్బు కట్టేముందు ఎదుట కూర్చున్న మనిషి మారా రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి, వెతకడానికి నిమిషం పట్టదు.

ఈఓఐ 80కి దించాను. పోయిన 5 కోసం ఇప్పుడు NAATI వాళ్ళ సీసీఎల్ తెలుగు పరీక్ష (ఇంగ్లిష్, తెలుగు సంభాషణని నోటితో అటూ ఇటూ అనువదించేది) రాస్తున్నాను, 90కి 63 రావాలి, రెండు డైలాగుల్లో దేనిలోనూ 29కి తగ్గకూడదు. మాతృభాషే కదా అని ధీమాగా కూర్చుంటే మొదటి ప్రాక్టీస్‌లోనే "మార్ట్‌గేజ్" వచ్చింది, "తనఖా" అన్న మాట ఆడియో అయిపోయాక గానీ తట్టలేదు.