మిరప నారు: షేడ్‌నెట్ కిందా, ఆరుబయటా?

దర్శి, ఒంగోలు వైపు మిరప వేసేవాళ్లకు ఏటా ఇదే సందేహం.

ఖర్చు: నెట్‌కు నీడనిచ్చే వల, గుంజలు, ట్రేలు కొనాలి. ఆరుబయట మడికి ఆ బాధ లేదు.

శ్రమ: బయట మడి త్వరగా ఆరుతుంది, మళ్లీమళ్లీ తడపాలి. నెట్ కింద తడి నిలుస్తుంది.

ఆకు: అసలు తేడా ఇక్కడే. నీడలో పెరిగిన ఆకు పలచన, వెడల్పు. కొద్ది వెలుతురునే ఒడిసిపట్టడానికి పత్రహరితం మీద పెట్టుబడి పెడుతుంది, గాలిలోని బొగ్గుపులుసు వాయువును పట్టి ఆహారంగా మలిచే రుబిస్కో ఎంజైమును తగ్గించుకుంటుంది. ఎండలో పెరిగిన ఆకు దళసరి. రుబిస్కో ఎక్కువ, మిగులు వెలుతురును వేడిగా వదిలించే పసుపు వర్ణకాలూ ఎక్కువే.

ప్రమాదం: నెట్ నారును ఒక్కసారిగా ఎండలో నాటితే, పట్టిన వెలుతురును వాడుకోలేక ఆకులో వెలుతురును వాడుకునే భాగంలోని డి1 ప్రోటీన్ దెబ్బతింటుంది. మొక్క దాన్ని రోజూ బాగుచేసుకుంటూనే ఉంటుంది, కానీ దెబ్బ మరమ్మతును మించితే ఆకు పాలిపోతుంది. ముదిరిన ఆకు ఇక మందమెక్కదు, ఎండకు తగ్గ ఆకులు కొత్తగా రావాల్సిందే. అందుకే నాటే ముందు వారం, పది రోజులు వలను కొంచెం కొంచెంగా తీయమని గట్టిగా చెబుతాను. పాపం, లేత నారు!

ఖరీదైన హైబ్రిడ్ విత్తనమైతే, వల తీసే ఓపికుంటే నెట్ మేలు. సొంత విత్తనం, పక్కనే బోరు ఉంటే ఆరుబయలే.