గృహరుణాన్ని ముందుగా తీర్చడానికి ఓవర్‌డ్రాఫ్ట్ ఖాతా ఎంతవరకు పనికొస్తుంది?

ఓవర్‌డ్రాఫ్ట్ పద్ధతిలో, అంటే అదనంగా జమ చేసిన డబ్బును అవసరమైతే మళ్లీ తీసుకునే వీలుతో, ఇచ్చే గృహరుణాల్లో స్టేట్ బ్యాంకు వారి మ్యాక్స్‌గెయిన్ ఎక్కువమందికి తెలిసిన పేరు. మేము ఇదే తరహా రుణాన్ని మరొక బ్యాంకులో తీసుకుని, గడువుకు చాలా ముందుగానే తీర్చివేశాము. నెలనెలా జమాఖర్చులు రాసుకునే అలవాటున్న ఇంటికి ఇంతకంటే మేలైన గృహరుణం లేదని నా అభిప్రాయం. ఆ అలవాటు లేని ఇంటికి మాత్రం దీనిని సిఫారసు చేయలేను.

ఇరవై ఏళ్ల గడువుతో, 8.5 శాతం వడ్డీకి 30 లక్షలు తీసుకున్నవారి ఈఎంఐ సుమారు 26,035 రూపాయలు. మొదటి నెల కట్టే ఈ మొత్తంలో 21,250 రూపాయలు వడ్డీకే పోగా, అసలులో తగ్గేది 4,785 రూపాయలు మాత్రమే. చివరి వరకు ఇలాగే కడితే వడ్డీ రూపంలోనే 32 లక్షలకు పైగా చెల్లించాల్సి వస్తుంది. మొదటి నెల నుంచే ఈఎంఐకి తోడు మరో 5,000 రూపాయలు కట్టగలిగితే, వడ్డీ రేటు మారనంత వరకు, అదే రుణం పద్నాలుగేళ్లలోపే తీరిపోతుంది, వడ్డీలో 11 లక్షలకు పైగా మిగులుతుంది. వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ రేటు (వడ్డీ మారుతూ ఉండే) గృహరుణాలను ముందుగా తీర్చినందుకు బ్యాంకులు జరిమానా వేయరాదని రిజర్వు బ్యాంకు 2012లోనే ఆదేశించింది కనుక, ఈ పని అలాంటి ఏ సాధారణ గృహరుణంతోనైనా చేయవచ్చు. అయినా చాలామంది చేయరు. కట్టిన డబ్బు తిరిగి రాదు, రేపు ఏదైనా అవసరం పడితే ఎవరిని అడగాలన్న భయమే అందుకు కారణం.

ఓవర్‌డ్రాఫ్ట్ ఖాతా ఆ భయాన్ని తీసివేస్తుంది. బాకీ 30 లక్షలు ఉన్నప్పుడు మనం అదనంగా రెండు లక్షలు జమ చేస్తే, ఆ రోజు నుంచి 28 లక్షల మీదే వడ్డీ లెక్కిస్తారు. అవసరమైనప్పుడు ఆ రెండు లక్షలను చెక్కుతోనో ఆన్‌లైన్‌లోనో వెనక్కి తీసుకోవచ్చు. ఆ డబ్బు ఒక్క నెల అక్కడున్నా దాదాపు 1,400 రూపాయల వడ్డీ తగ్గుతుంది. ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద వచ్చే వడ్డీకి ఆదాయపు పన్ను కట్టాలి. ఇక్కడ మిగిలిన వడ్డీ ఆదాయం కాదు కాబట్టి పన్ను ప్రసక్తే లేదు. మా మామగారికి హఠాత్తుగా ఆపరేషన్ చేయించాల్సి వచ్చినప్పుడు ఈ ఖాతాలోని డబ్బే ఆదుకుంది. వ్యక్తిగత రుణం కోసం ఎవరి చుట్టూ తిరగాల్సిన పని లేకపోయింది.

ఖాతాలో వేయడానికి డబ్బు ఎలా మిగిలిందన్నది ఇంతకంటే ముఖ్యమైన విషయం. జీతాలు రాగానే మొత్తం ఈ ఖాతాలోకి మార్చి, వారానికి సరిపడా మాత్రమే బయటికి తీసేవాళ్లం. జూన్‌లో కట్టవలసిన స్కూలు ఫీజు, బీమా ప్రీమియం, సంక్రాంతి బట్టల డబ్బు అన్నీ ఆయా తేదీల వరకు ఇక్కడే ఉండేవి. ఖర్చుల పుస్తకంలో ప్రతి పేజీకి మూడు గళ్లు గీసుకున్నాము: తప్పనివి, ఆగదగినవి, మానదగినవి. వీటిలో రెండో గడి మాకు ఎక్కువ మేలు చేసింది. అందులో రాసిన వస్తువును నెల తిరిగేదాకా కొనకూడదన్నది మా ఇంటి కట్టుబాటు. కొత్త ఫ్రిజ్ అలా రెండు నెలలు ఆ గడిలో ఉండి, చివరికి తలుపు రబ్బరు మార్పించడంతో కొట్టివేయబడింది. బియ్యం కోతల సమయంలో ఊరి నుంచే తెప్పించుకున్నాము. ఏడాదికి సరిపడా కారం, చింతపండు వేసవిలోనే సమకూర్చుకున్నాము. పిల్లల చదువు, పెద్దల మందుల విషయంలో మాత్రం ఎన్నడూ చెయ్యి బిగించలేదు. అక్కడ చేసేది పొదుపు కాదని మా ఇద్దరి నమ్మకం.

లోపాలూ ఉన్నాయి. ఇలాంటి రుణాలకు వడ్డీ రేటు సాధారణ గృహరుణం కంటే కాస్త ఎక్కువగా ఉండవచ్చు. అదనంగా జమ చేయడానికి డబ్బేమీ ఉండని కుటుంబానికి అది కేవలం నష్టమే. స్టేట్‌మెంటులో పరిమితి, డ్రాయింగ్ పవర్, బాకీ అని మూడు అంకెలు కనిపిస్తాయి. వీటి తేడా మా శాఖలో అడిగితే సరైన సమాధానం దొరకడానికి చాలాసార్లు తిరగవలసి వచ్చింది. డ్రాయింగ్ పవర్ అంటే ఆ నెలకు మనకు అనుమతించిన గరిష్ఠ బాకీ అని, అది నెలనెలా తగ్గుతూ పోతుందని ముందే తెలుసుకుంటే ఆందోళన ఉండదు. పాత పన్ను విధానంలో ఉన్నవారు మరో విషయం గమనించాలి: ఖాతాలో నిలవ ఉంచిన డబ్బు అసలు చెల్లింపు మీద ఇచ్చే ఆదాయపు పన్ను మినహాయింపుకు లెక్కలోకి రాదు. కొత్త విధానంలో సొంతంగా నివసించే ఇంటి రుణ వడ్డీకే మినహాయింపు లేదు కనుక, అందులో ఉన్నవారు పన్ను ప్రయోజనం పోతుందని రుణాన్ని సాగదీయడంలో అర్థం లేదు.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం, డబ్బు చేతికి అందేంత దూరంలో ఉండటం. లక్షల్లో నిలవ కనిపించినప్పుడు కారు మార్చాలనో, బంధువుల పెళ్లిలో ఘనంగా పెట్టిపోతలు జరపాలనో అనిపించే ఇల్లయితే, సాధారణ రుణమే తీసుకుని, చేతికి వచ్చిన ప్రతి బోనసునూ అసలుకు జమ కట్టి, ఈఎంఐ కాకుండా గడువు తగ్గించమని రాతపూర్వకంగా అడగడం మంచిది.

రుణం పూర్తిగా తీరాక ఆస్తి పత్రాలను 30 రోజుల్లో తిరిగి ఇవ్వాలని, తమ వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2023లో నిబంధన పెట్టింది. మా పత్రాలు గడువులోపే వచ్చాయి. అయితే పత్రాలు చేతికొచ్చినంత మాత్రాన పని పూర్తయినట్లు కాదు. తనఖాను సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో నమోదు చేసి ఉంటే, దాని విడుదల పత్రాన్ని కూడా అక్కడే రిజిస్టర్ చేయించి, ఆ తర్వాత తాజా ఈసీ (ఆస్తి మీద నమోదైన లావాదేవీలు చూపే పత్రం) తీసుకుని విడుదల వివరం అందులో ఎక్కిందో లేదో చూసుకోవాలి.