కర్రలో చెక్కిన హినా బొమ్మల కోసం నారా, తకయామా

జపాన్‌లో మార్చి 3న ఆడపిల్లల క్షేమం కోరుతూ హినా మత్సురి జరుపుకుంటారు. ఆ పండుగ బొమ్మలనగానే అందరికీ గుర్తొచ్చేది ఎర్రటి గుడ్డ పరిచిన ఏడు మెట్లు. పైమెట్టు మీద చక్రవర్తి దంపతులు, కింద ముగ్గురు పరిచారికలు, ఐదుగురు వాద్యకారులు, ఇద్దరు మంత్రులు, ముగ్గురు సేవకులు, వాళ్ల కింద పెళ్లిసారె సామాను. బొమ్మల కొలువు పెట్టే ఇంట్లో పెరిగినవాళ్లకు ఈ అమరిక చూడగానే మనసు లాగేస్తుంది. అయితే మన కొలువులో తిరునాళ్లలో కొన్న చిలకకు కూడా చోటు దొరుకుతుంది. ఇక్కడ ఎవరి మెట్టు వారిదే.

ఈ బొమ్మల్లో ఎక్కువ భాగం గడ్డికట్టతో చేసిన ఒంటికి పట్టుబట్టలు తొడిగి, ముఖానికి ఆల్చిప్పల పొడితో చేసిన తెల్లపూత పూసినవి. ఫిబ్రవరిలో ఏ పెద్ద దుకాణంలోకి వెళ్లినా కనిపిస్తాయి. నేను వెతుక్కుంటూ వెళ్లింది కర్రలో చెక్కిన జంటల కోసం. ఏడు మెట్లు పట్టని నేటి అపార్ట్‌మెంట్లలో పైమెట్టు దంపతులను మాత్రమే పెట్టుకునే కుటుంబాలు పెరిగాయి. అరచేతిలో ఇమిడే ఆ జంటను కర్రలో చెక్కే పనివాళ్లు రెండు ఊళ్లలో ముఖ్యంగా ఉన్నారు. ఒకటి నారా, రెండోది కొండల మధ్య ఉన్న తకయామా. రెండు ఊళ్ల పనినీ ఇత్తోబోరి అనే అంటారు. ఒకే కత్తితో, వెనక్కి తిరిగి దిద్దకుండా చెక్కినట్టు గీతలు తేటగా ఉండాలన్నది దాని లక్షణం. పనివాడి ముందు మాత్రం ఉలులు వరుసగా చాలానే ఉంటాయి.

క్యోటో నుంచి నారాకు కింతెత్సు రైల్లో వెళ్లడం మేలు. అదనపు టికెట్ ఉన్న ఎక్స్‌ప్రెస్ ముప్పై అయిదు నిమిషాల్లో చేరుస్తుంది, స్టేషన్ కూడా ఊరి నడిబొడ్డున ఉంటుంది. పర్యాటకులు జపాన్ రైల్వేస్ రైళ్ల కోసం కొనుక్కునే జేఆర్ పాస్ ఇక్కడ చెల్లదు. పాస్ చేతిలో ఉంది కదా అని జేఆర్ నారా స్టేషన్‌లో దిగితే, పాత బస్తీ నారామాచికి, జింకల పార్కుకు నడక పెరుగుతుంది.

నారా కర్రబొమ్మలు కసుగా ఆలయ ప్రాంగణంలో పుట్టాయి. 1136 నుంచి అక్కడ జరుగుతున్న వకామియా ఆన్‌మత్సురి ఉత్సవంలో నర్తకుల టోపీల మీదా, నైవేద్యపు పళ్లేల మీదా పెట్టే చిన్న బొమ్మలే వీటికి మూలమని చెబుతారు. 19వ శతాబ్దంలో మోరికావా తోయెన్ (1820–1894) వాటిని శిల్పం స్థాయికి తెచ్చాడు. ఆయన క్యోగెన్ అనే హాస్య నాటకాల్లో నటుడు కూడా. అందుకే కాబోలు, ఆయన బొమ్మల్లో నటుడి నిలకడ కనబడుతుంది. నారామాచిలోని నారా కోగెయికాన్‌లో ఊరి చేతిపనులన్నీ ఒక్కచోట చూడవచ్చు, ప్రవేశం ఉచితం. దుకాణాలకు వెళ్లేముందు అక్కడ గంటసేపు గడిపితే ఏది మంచి పనో కళ్లకు తెలిసివస్తుంది.

నారా జంటను దగ్గర నుంచి చూడాలి. కర్పూరపు చెట్టు, కత్సురా, హినోకి వంటి కర్రలను పెద్ద పెద్ద పలకలుగా కోసినట్టు చెక్కుతారు, ఎక్కడా గుండ్రంగా అరగదీయరు. ఆ పలకల మీద రాతిరంగులు, బంగారు రేకు. చక్రవర్తి మోకాలి దగ్గర రెండు పలకలు పదునైన అంచుతో కలుస్తున్నాయి, ఆ అంచు మీదుగా పూలతీగ ఒకటి తెగకుండా పాకింది. వెలుతురు పక్కనుంచి పడితే ఒకే ఎరుపు ఒక పలక మీద కుంకుమలా, పక్క పలక మీద లక్కలా ఉంది. పట్టుబట్ట ఎంత ఖరీదైనదైనా ఈ పని చేయలేదు. మన కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో అంగాలు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. నారా దంపతులు ఒక్కో దిమ్మ నుంచి ఒక్కొక్కరుగా బయటికి వస్తారు. రెండూ కర్రే, రంగులే అయినా చేతి నడక పూర్తిగా వేరు.

బస విషయానికి వస్తే, చాలామంది క్యోటో నుంచి పగలు వచ్చి సాయంత్రానికి తిరిగిపోతారు. అది నారాకు అన్యాయం. బస్సులు వెళ్లిపోయాక సరుసావా చెరువు చుట్టూ, కోఫుకుజీ ఆలయ ఆవరణలోనూ హాయిగా నడవవచ్చు. నేను నారామాచిలో పాత చెక్క ఇంటిని మార్చిన ఒక బసలో దిగాను. ఇల్లు అందమైనదే, సేవ మాత్రం బాగాలేదు. తలుపు ఫోనుకు వచ్చిన అంకెలతో తెరుచుకోవాలి, మనిషి కనబడడు, సామాను ముందుగా పెట్టుకోనివ్వరు. గది వేడెక్కడానికి ఫిబ్రవరి చలిలో చాలాసేపు పట్టింది. పిల్లలతోనో పెద్దవాళ్లతోనో వెళ్లేవారికి స్టేషన్ దగ్గరి మామూలు హోటలే నయం.

జపాన్‌లో నేను మనసారా మెచ్చుకునే సేవ సామాను చేరవేసే తక్యూబిన్. హోటల్ కౌంటర్‌లో పెట్టె అప్పగిస్తే, మామూలుగా మర్నాటికి తర్వాతి ఊరి హోటల్‌లో ఉంటుంది. తకయామాకు నగోయాలో షింకాన్‌సెన్ బుల్లెట్ రైలు దిగి, హిదా ఎక్స్‌ప్రెస్‌లో దాదాపు రెండున్నర గంటలు లోయ వెంట వెళ్లాలి. బరువు లేకుండా ఆ ప్రయాణం చేయడం వేరు. కొన్న బొమ్మల పెట్టెను మాత్రం ఒళ్లోనే పెట్టుకున్నాను.

తకయామాలో కర్రకు రంగు వేయరు. నడికట్టుకు వేలాడదీసే నెత్సుకే అనే చిన్న బొమ్మలు చెక్కే మత్సుదా సుకెనాగా (1800–1871) నారా బొమ్మలు చూసి, ఆ రంగులు కర్ర అందాన్ని కప్పేస్తున్నాయనుకుని ఇచీయి చెట్టు కర్రను ఉన్నదున్నట్టు చెక్కడం మొదలుపెట్టాడని చెబుతారు. నెమ్మదిగా పెరిగే చెట్టు కాబట్టి కర్రలో గీతలు దగ్గర దగ్గరగా ఉంటాయి. లోపలి చేవ ఎరుపు, బయటి పొర తెలుపు. ఏళ్లు గడిచేకొద్దీ రంగు ముదిరి తేనె గోధుమ వన్నెకు వస్తుంది. 1975లో ప్రభుత్వం దీన్ని జాతీయ సంప్రదాయ చేతిపనిగా గుర్తించింది. చక్రవర్తి బొమ్మ చేతిలో సన్నని పలక ఒకటి ఉంటుంది, దాన్ని షాకు అంటారు. నిజమైన చక్రవర్తికి సమర్పించే షాకును ఇక్కడి కురాయియామా కొండ ఇచీయి కర్రతోనే చేసే ఆనవాయితీ ఉంది. అదే కర్రతో చేసిన చక్రవర్తి చేతిలో అదే కర్ర షాకును చూశాక నాకు మిగతా బొమ్మల మీదికి చూపు పోలేదు.

పాత వీధుల దగ్గరి ఒక దుకాణంలో పెద్దాయన కిటికీ వెలుతురులో చెక్కుతున్నారు. మహారాణి పన్నెండు పొరల దుస్తులను వరుసగా చిన్న చిన్న మెట్లలా కోశారు. తెల్లపొర సరిగ్గా చీర కుచ్చిళ్ల అంచులా పాదాల దగ్గరికి వచ్చేలా దిమ్మను ముందే తిప్పి పెట్టుకున్నారట. ముఖంలో కళ్లు లేవు, పెదవులు లేవు. ముక్కు గీత ఒక్కటే, దాని రెండు వైపులా రెండు వాలు పలకలు. నీడ పడగానే ఆమె తల వంచినట్టుంది. నారా బొమ్మ పండుగ సంబరాన్ని చూపిస్తుంది. తకయామా బొమ్మ ఆ కర్రనే ముందు నిలబెడుతుంది. ఇంట్లో ఏడాది పొడుగునా కళ్లెదుట ఉంచుకునేందుకు నేను తకయామా జంటనే ఎంచుకుంటాను, ఎంచుకున్నాను కూడా. రెండు చోట్లా చిన్న జంటకైనా పదుల వేల యెన్లు పెట్టాలి. కార్డు తీసుకోని దుకాణాలు ఉన్నాయి కనుక నగదు దగ్గర ఉంచుకోవాలి.

ఇక్కడి బసల గురించి సూటిగా చెబుతాను. డబ్బు పెట్టగలిగితే ఒక రాత్రైనా ర్యోకాన్ అనే సంప్రదాయ జపాన్ సత్రంలో ఉండండి. హినా నెలలో చాలా చోట్ల ముందుగదిలోనే ఇంటివాళ్ల పాత బొమ్మలు కొలువుదీరి ఉంటాయి, అడిగితే వివరిస్తారు. శాకాహారులు మాత్రం గది తీసుకునేటప్పుడే చెప్పాలి. కూరముక్కల పులుసు అని పెట్టినదాంట్లో కూడా చేపలతో కాచిన దాషీ రసం ఉంటుంది. అప్పటికప్పుడు చెబితే వంటవాళ్లు నొచ్చుకుంటారు, మనకూ అన్నం, ఊరగాయ తప్ప ఏమీ మిగలవు. బౌద్ధ సన్యాసుల భోజనం షోజిన్ ర్యోరి పెట్టే చోట్లు ఊళ్లో ఉన్నాయి, అవీ ముందుగా చెప్పాల్సినవే. మిగతా రాత్రులకు స్టేషన్ పక్క హోటల్ చాలు. వీధిలో అమ్మే మితరాషీ దంగో (పుల్లకు గుచ్చిన బియ్యప్పిండి ఉండలు) ఇక్కడ తియ్యగా ఉండదు, సోయాసాస్ పూసి కాల్చి ఇస్తారు. చలికి వేడివేడిగా భలే బాగుంటుంది.

తకయామాకు నేను మొగ్గడానికి మరో కారణం రోజులు. చాలా చోట్ల మార్చి 3 దాటగానే బొమ్మలు లోపలికి పోతాయి. ఆలస్యమైతే పిల్ల పెళ్లి ఆలస్యమవుతుందని నమ్మకం. తకయామా ఉన్న హిదా ప్రాంతంలో మంచు ఆలస్యంగా కరుగుతుంది, అందుకే అక్కడ పండుగ ఏప్రిల్ 3న. ఆ రోజు మినాషీ ఆలయంలో తొమ్మిదిమంది అవివాహిత యువతులు హినా బొమ్మల దుస్తులు వేసుకుని ఊరేగుతారు. ఆలయం దగ్గరి హిదా ఇచినోమియా స్టేషన్ తకయామాకు పక్క స్టేషనే. అక్కడ ఆగే రైళ్లు తక్కువ కాబట్టి తిరుగు రైలు వేళ చూసుకునే బయలుదేరండి.